వీధి వాకిలి

మద్రాసు పేరు చెన్నై అని మారిన ఏడాదే మేం ఆ ఊరు వదిలి బయటపడ్డాం. ఆ రెండింటికీ సంబంధం ఏమీ లేదు. మా ఆయన మాత్రం, ఊరికి పేరు మార్చేసరికి నేను అలిగి మూటాముల్లే సర్దుకున్నానని కనబడ్డ వాళ్ళందరికీ చెప్పేవాడు. నేను అలిగింది ఊరి మీద కాదు, ఆ ఊళ్ళో మేం అద్దెకున్న ఇళ్ళ మీద.

నేను పుట్టి పెరిగింది చింతాద్రిపేటలో. మా ముత్తాత కాలం నుంచి మావాళ్ళు అక్కడే ఉన్నారు. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే అరవం. ఇన్ని తరాల్లో ఒక్కరికీ సొంతిల్లు లేదు. మేమున్నది ఎనిమిది పోర్షన్ల ఇల్లు. వీధి వైపు ఓనరమ్మ కాపురం, ఆమె వెనకాల సన్నటి నడవ, ఆ నడవ పొడుగునా మిగతా వాళ్ళం. మాది అన్నిటికంటే చివరిది. గుమ్మానికి ఎదురుగా గోడ, మధ్యలో మురికి కాలవ. మా అమ్మ పొద్దున్నే లేచి ఆ కాలవకి ఇవతల జానెడు జాగాలో ముగ్గు పెట్టేది. నేల తడి ఆరేలోపే ఎవరో ఒకరు నీళ్ళ బిందెతో దాన్ని తొక్కుకుంటూ పోయేవాళ్ళు.

వీధి వాకిలి మాత్రం ఓనరమ్మది. ఊడ్చేది ఆమె, పేడనీళ్ళు చల్లేది ఆమె, ముగ్గు పెట్టేది ఆమె. ఇది ఎక్కడా రాసి లేదు, ఎవరూ ఎవరికీ చెప్పలేదు, కానీ ఎనిమిది పోర్షన్లలోని ఆడవాళ్ళందరికీ తెలుసు. నాకు పదేళ్ళప్పుడు ఒక పండగ పూట ఆమెకి ఒంట్లో బాగాలేదు, లేవలేదు. వాకిలి బోసిగా కనబడి నేనే పోయి ముగ్గు పెట్టాను. మూడు తామర పువ్వులు, చుట్టూ ఒక తీగ. లేచి నిలబడి నా పనితనం నేనే చూసుకుంటూ ఉంటే, లోపల్నుంచి ఆమె బకెట్టుతో వచ్చింది. నీళ్ళు కుమ్మరించి, చీపురుతో కాలవలోకి తోసేసి, తలుపు వేసుకుంది. మా అమ్మ ఆమెను ఏమీ అనకుండా నన్నే నాలుగు వాయించింది. మనది కాని వాకిట్లో నీకేం పని అంది.

అందరికీ సొంతిల్లంటే గోడలు, పైకప్పు, దస్తావేజులు గుర్తొస్తాయేమో. ఆ రోజు నుంచీ నాకు సొంతిల్లంటే ఒకటే. వీధి వాకిలి నాదై ఉండాలి, అందులో నా ముగ్గు ఉండాలి, దాని మీద నీళ్ళు పోసే హక్కు ఎవరికీ ఉండకూడదు. ఇది పైకి చెప్పుకుంటే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. పెళ్ళయ్యాక మా ఆయనకి ఒక్కడికే చెప్పాను, అతను నవ్వనే నవ్వాడు.

పెళ్ళి తర్వాత తొండియార్‌పేటకి మారాం. మా ఆయనకి తిరువొత్తియూరులో ఒక కార్ఖానాలో ఉద్యోగం, నాకు హార్బరు దగ్గర ఒక ఆఫీసులో టైపు పని. అక్కడా వెనక పోర్షనే, అక్కడా ఒక ఓనరమ్మ. పంపు ఎప్పుడు కొట్టుకోవాలి, బట్టలు ఏ దండెం మీద ఆరేసుకోవాలి, చుట్టాలొస్తే ఎన్నాళ్ళుండొచ్చు, అన్నీ అడగాలి. పదిహేనేళ్ళు అడిగాను. అడగడం నాకు ఎంత అలవాటైందంటే, ఆఫీసులో నా పక్కనున్న కిటికీ తెరవడానికి కూడా ఎవరి మొహమో ఒకరి మొహం చూసేదాన్ని. దాంతోపాటే లోపల మంట కూడా పెరుగుతూ వచ్చింది. అడిగేటప్పుడు నా నోరు తేనెలా ఉండేది, ఇంట్లోకొచ్చి గిన్నెలు ఎత్తి పడేసేదాన్ని.

మా ఆయన కార్ఖానాలో ఒకతను పొన్నేరి దాటాక ఉన్న చిన్న ఊరి నుంచి రోజూ రైల్లో వచ్చేవాడు. వాళ్ళ ఊళ్ళో ఒక పాత పెంకుటిల్లు అమ్మకానికి ఉందని అతనే చెప్పాడు. ఒక ఆదివారం పోయి చూశాం. స్టేషను, దాన్ని ఆనుకుని ఒక బజారు వీధి, ఒక రిజిస్టరు ఆఫీసు, ఒక టెంటు సినిమా, అవి దాటితే వరి పొలాలు. ఆ చుట్టుపక్కల రైతులు చాలామంది తెలుగే మాట్లాడతారు. వీధిలో "ఈడ", "ఆడ" అనే మాటలు వినబడేసరికి నాకు సగం ప్రాణం లేచొచ్చింది. మా ఆయన బావిలోకి తొంగి చూశాడు, గోడలు తట్టి చూశాడు, దూలాలకి చెద ఉందేమోనని నిచ్చెన వేయించుకుని ఎక్కాడు. నేను లోపలికి పోనే లేదు. వీధిలో నిలబడిపోయాను. రెండు వైపులా తిన్నెలు, మధ్యలో నాలుగు మెట్లు, మెట్ల ముందు ఎద్దుల బండి తిరిగేంత చదునైన మట్టి నేల. అంత వాకిలి నాదని ఊహించుకోవడానికి కూడా ఎప్పుడూ సాహసించలేదు.

అమ్మేది ఒక పెద్దావిడ. డెబ్బైకి దగ్గరపడింది. భర్త పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. తిన్నె మీద కూర్చుని మా ఆయన నిచ్చెన ఎక్కడం దిగడం అంతా వేడుకగా చూసింది.

"ఇల్లు పెద్దది గదమ్మా," అంది నాతో. "ఏడాదికొక తూరి పెంకులు తిరగేయించల్ల. కోతులొచ్చి మళ్ళా తోసేసి పోతాయి. ఈ ఇంటితో ఇంక నా వల్ల గాదు. ఎనకాల ఆవుల కొట్టం ఉండాది. దాన్ని రూము మాదిరి కట్టించుకున్నా. నేనున్నన్నాళ్ళు అది నాకుండనీ. నేను బోయినాక అది గూడా మీదే."

ఆ కొట్టానికి పక్క సందులో నుంచి దారి ఉంది. మాకేమీ అడ్డం కాదు. మా ఆయన సరే అన్నాడు, కాగితంలో కూడా అలాగే రాసుకున్నాం. రిజిస్టరు ఆఫీసు నుంచి బయటికొస్తుంటే నా కాళ్ళు నిలవలేదు. ఆ బజారు వీధిలోనే ముగ్గుపిండి ఒక పెద్ద సంచీడు కొన్నాను. ఇంత పిండి ఇంటికి సున్నం వెయ్యడానికా అన్నాడు మా ఆయన.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్పాలి. అది జీవితమంతా అద్దెకున్న మనిషి మాత్రమే చెయ్యగల తప్పు.

ఒక శుక్రవారం పాలు పొంగించాం. వచ్చిన నలుగురూ భోంచేసి వెళ్ళారు. పెద్దావిడ కూడా తిన్నది, నా చేతి పులుసు బాగుందన్నది. నేను ఆమెకి తాంబూలం ఇచ్చి, కొత్త పోర్షన్లో చేరిన రోజు ఓనరమ్మని అడిగేటట్టు, చేతులు కట్టుకుని అడిగాను.

"పెద్దమ్మా, ఈడ వాకిలి ఎన్నింటికి ఊడ్చేది? ఎవురు చేసేది?"

ఆమె ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. నేనెందుకు అడుగుతున్నానో ఆమెకి అర్థం కాలేదని ఇప్పుడు తెలుస్తోంది. తర్వాత ఆమె మొహం విచ్చుకుంది.

"నేను జూసుకుంటాలేమ్మా. నువ్వు తెల్లారి రైలుకి పోవల్ల గదా. నాకేం పని."

"సరి పెద్దమ్మా," అన్నాను. ఆ మాట అలవాటు కొద్దీ వచ్చేసింది. ఆమె వెళ్ళాక మా ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "సొంతింట్లో ఇంకా ఏమేం పర్మిషన్లు అడగాలో ఒక లిస్టు టైపు చేసుకో," అన్నాడు. పట్నం నుంచి ఏదో కొత్తగా వచ్చాం గదా, మర్యాదకి అడిగాను, ఆమె కూడా మర్యాదకి అంది, రేపు నేనే లేచి పెట్టుకుంటాను అని సర్దిచెప్పుకున్నాను.

మర్నాడు నాలుగున్నరకి నీళ్ళు చల్లుతున్న చప్పుడుకి మెలకువ వచ్చింది. చీకట్లోనే కొబ్బరి చిప్పలో పిండి పోసుకుని తలుపు తీశాను. అప్పటికే ముగ్గు అయిపోయింది. ఆ చివర ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుని మెల్లగా లేస్తోంది. ఇరవై ఒక్క చుక్కల మెలిక ముగ్గు. ఎక్కడ మొదలుపెట్టిందో ఎక్కడ ముగించిందో కనబడదు. గీత మొత్తం ఒకటే లావున, ఒకటే నిదానంలో ఉంది. ఆమె వయసులో చెయ్యి వణకాలి, వణకలేదు. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఆ ముగ్గు అంత బాగుండటం నాకు అస్సలు నచ్చలేదు.

"నిద్ర పట్టిందా అమ్మా?" అంది ఆమె. పట్టింది పెద్దమ్మా అని చిప్పని కొంగు చాటున దాచుకున్నాను.

మర్నాడు నాలుగుంపావుకి లేచాను. ఆమె నాలుగింటికే లేచింది. ఆ తర్వాత నేను నాలుగింటికి లేస్తే, ఆమె అప్పటికే చుక్కలు పెట్టేసింది. ఆమె నాతో పోటీ పడుతోందని అనుకున్నాను. నిజానికి ఆమెకి గడియారమే లేదు. నిద్ర చాలక ఎప్పుడు మెలకువొస్తే అప్పుడు లేచొచ్చేదట, ఆ సంగతి వీధిలో పాలామె తర్వాత ఎప్పుడో చెప్పింది. నేను మాత్రం అలారం పెట్టుకున్నాను. అది మోగకముందే లేచి, అది మోగుతుందేమోనని చూస్తూ కూర్చునేదాన్ని. మూడున్నరకి లేచిన రోజు మా ఆయన దుప్పటి ముసుగు తియ్యకుండానే, "రాత్రే పెట్టేసి పడుకో, పీడా పోతుంది," అన్నాడు. రాత్రి పెట్టింది పొద్దుటి ముగ్గు ఎలా అవుతుందని అతని మీద విరుచుకుపడ్డాను.

నాకు నిలకడ పోయింది. ఇల్లు పెద్దది, నిశ్శబ్దంగా ఉండేది. పక్క పోర్షన్ల రేడియోలు లేవు, పంపు దగ్గర కొట్లాటలు లేవు. ఆదివారాలు ఒక గదిలో నుంచి ఇంకో గదిలోకి ఊరికే తిరిగేదాన్ని. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలిసేది కాదు. రైల్లో కూర్చుని టికెట్టు వెనకాల చుక్కలు పెట్టేదాన్ని. ఆఫీసులో పాడైన కార్బన్ కాగితాల మీద గోరుతో మెలికలు తిప్పేదాన్ని. పొద్దున్నే ఐదూ నలభై రైలుకి పోతే, సాయంత్రం ఏడు దాటాక తిరిగొచ్చేవాళ్ళం. అప్పటికి ఆమె ముగ్గు కాళ్ళ కింద పడి సగం చెరిగిపోయి ఉండేది. కొన్న ఇంటి వాకిలిని నేను రోజుకి రెండుసార్లు, రెండుసార్లూ సరిగ్గా వెలుతురు లేనప్పుడే చూసేదాన్ని.

"పోయి చెప్పు," అనేవాడు మా ఆయన. "పెద్దమ్మా, రేపట్నుంచి నేను పెట్టుకుంటాను అని. ఇందులో ఏముండాది?"

"మీరు చెప్పండి."

"ముగ్గు పంచాయితీ మొగోడు చేస్తే వీధిలో నవ్వుతారు."

చెప్పాలని ఎన్నిసార్లు సందు చివరిదాకా పోయానో. పోయేసరికి ఆమె ఏదో ఒకటి చేతిలో పెట్టేది. పొన్నగంటాకు, లేత మునగాకు, ఒకసారి దోరమామిడికాయలు. అవి తీసుకుని వచ్చేసేదాన్ని. ఇంట్లోకొచ్చాక నా మీద నాకే అసహ్యం వేసేది. పాత ఓనరమ్మల ముందు నోరు రాలేదంటే అర్థముంది, ఇల్లు నా పేరు మీద రాయించుకుని కూడా నోరు రాకపోతే ఇంక ఎప్పుడొస్తుంది?

అలా నాలుగు నెలలు గడిచాక, ఒక ఆదివారం మా ఆఫీసు నుంచి ముగ్గురు ఆడవాళ్ళు ఇల్లు చూడటానికి వచ్చారు. వాళ్ళని పిలవాలని ఎన్నాళ్ళ నుంచో నా కోరిక. రైలు దిగి వస్తూనే వాకిట్లో ఆగిపోయారు. ఇంత ముగ్గా, నువ్వేనా పెట్టింది అని ఒకామె అడిగింది. నేను జవాబు వెతుక్కుంటూ ఉండగానే, తిన్నె మీద కూర్చుని వత్తులు చేసుకుంటున్న పెద్దావిడ అందుకుంది.

"నేనే ఏసినా అమ్మా. ఈ వాకిట్లో యాభై ఏండ్లుగా నేనే. రండి, లోపలికి రండి, ఎండన బడి వచ్చినారు."

తన ఇంటికి వచ్చినవాళ్ళని పిలిచినట్టు పిలిచింది. వాళ్ళు చెప్పులు విడిచి లోపలికొచ్చారు. బావి చూశారు, దూలాలు చూశారు, కాఫీ తాగారు. వెళ్ళేటప్పుడు అందరికంటే పెద్దామె నా చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళి, గొంతు తగ్గించి చెప్పింది.

"ఓనరమ్మ మంచి మనిషి మాదిరి ఉండారే. నీ అదృష్టం."

నేను ఆమెకి నిజం చెప్పలేదు. చెప్పడానికి నోరు తెరిస్తే ఏడ్చేస్తానని భయమేసింది. వాళ్ళని రైలెక్కించి వచ్చాను. నా ఇంట్లో, నా మనుషుల ముందు, నన్ను మళ్ళీ వెనక పోర్షన్‌లోకి నెట్టేసిందని లోపల ఉడికిపోయాను.

సోమవారం తెల్లారుజామున లేచి తలుపు తీశాను. ముగ్గు పూర్తయింది. ఆమె చివరి మెలిక కలిపి చెయ్యి దులుపుకుంటోంది. నేను లోపలికి పోయి, స్నానానికని తోడి పెట్టుకున్న బకెట్టు తీసుకొచ్చి మెట్ల మీద నుంచి కుమ్మరించాను. ముగ్గు మధ్యలో నుంచి విరిగి, తెల్లటి నీళ్ళు ఆమె కాళ్ళ దాకా పారాయి. ఆమె కాళ్ళు వెనక్కి తీసుకోలేదు.

"ఇది మా ఇల్లు పెద్దమ్మా," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "వాకిట్లో ముగ్గు నేను పెట్టుకుంటాను."

"నువ్వే గదమ్మా అడిగింది, ఎవురు చేసేదని," అంది ఆమె. దెప్పినట్టు లేదు. నిజంగా తెలియక అడిగినట్టు ఉంది. "నేను జేస్తానంటే సరి అన్నావు."

ఆమె పిండి చిప్ప తీసుకుని సందులోకి వెళ్ళిపోయింది. నేను చీపురుతో నీళ్ళు తోసేసి, గబగబా ముగ్గు పెట్టాను. పెట్టి లేచి చూస్తే, అంత వాకిట్లో అది అరచెయ్యంత ఉంది. ఐదు రేకుల పువ్వు ఒకటి. ముప్పై ఏళ్ళకి పైగా జానెడు జాగాలో పెట్టిన చెయ్యి, దానికి అంతకంటే పెద్దగా తిరగడం రాదు. రైలుకి టైమవుతోందని వచ్చేశాను.

రైలు మీంజూరు దాటుతూ ఉండగా చింతాద్రిపేట ఓనరమ్మ గుర్తొచ్చింది. బకెట్టు పట్టుకున్నప్పుడు గుర్తు రాలేదు, అది నిజం. ఇప్పుడు ఆమె చెయ్యి, ఆమె చీపురు, ఆమె వేసుకున్న తలుపు, అన్నీ వరసగా గుర్తొచ్చాయి. ఆమె కనీసం నా కాళ్ళ మీదికి నీళ్ళు పారనివ్వలేదు. మా ఆయనకి జరిగింది చెప్పాను. ఏదో ఒక వేళాకోళం ఆడతాడనుకున్నాను. ఆడలేదు. తిరువొత్తియూరులో దిగేముందు మాత్రం, "సాయంత్రం పోయి ఒక మాట చెప్పేసి రా," అన్నాడు. సాయంత్రం నేను పోలేదు. ఆలస్యమైందని ఒక రోజు, అలిసిపోయానని ఒక రోజు, ఇప్పుడు పోతే ఇంకా ఎబ్బెట్టుగా ఉంటుందని ఒక రోజు గడిచిపోయాయి.

ఆ తర్వాత వాకిలి పూర్తిగా నాదే. అలారం అక్కర్లేకపోయింది, ఐదింటికి లేచినా అడిగేవాళ్ళు లేరు. అయినా మూడున్నరకే మెలకువ వచ్చేది. నీళ్ళు చల్లే చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని పడుకునేదాన్ని. రాని చప్పుడు కోసం లేచి, తలుపు తీసి, బోసి వాకిలి చూసి, మళ్ళీ వచ్చి పడుకునేదాన్ని. పెద్ద ముగ్గు పెట్టాలని రోజూ ప్రయత్నించేదాన్ని. చుక్కలు మొదటి నాలుగు వరసలు బాగానే వచ్చేవి, తర్వాత ఒక పక్కకి జారిపోయేవి. అన్నీ చెరిపేసి చివరికి ఆ ఐదు రేకులే పెట్టి రైలుకి పరిగెత్తేదాన్ని. ఒక రోజు పాలామె వాకిట్లో ఆగి, "ఏం అమ్మా, పెద్దామెకి ఒంట్లో సరిగ్గా లేదా? వాకిలి ఇట్లుండాదే," అంది. బాగానే ఉన్నారు అన్నాను. ఆమె పాలు పోసినంతసేపూ ఆ చిన్న పువ్వు వైపే చూసింది.

పెద్దావిడ నాతో మాట్లాడటం మానలేదు. సందు మొగలో ఎదురైతే, రైలు దొరికిందా అమ్మా అని అడిగేది. కానీ తిన్నె మీదికి రాలేదు. మునగాకు తేలేదు. ఎక్కడికి పోవాలన్నా పక్క సందులో నుంచి పోయి, గోడ వారగా నడిచి, వీధి చివర తేలేది. మా వాకిలి ముందు నుంచి నడవలేదు.

రెండు నెలలకి ధనుర్మాసం దగ్గరపడింది. ఆ నెల ఆ వీధిలో ప్రతి వాకిట్లో పెద్ద పెద్ద ముగ్గులు, పేడముద్దల మీద గుమ్మడిపూలు పెడతారని, వీధి వీధంతా తెల్లారక ముందే లేచి ఒకరి వాకిలి ఒకరు చూసుకుంటారని పాలామె చెప్పింది. నా పువ్వుని తలుచుకుంటే సిగ్గేసింది. దానికంటే, ఇంక ఆ చప్పుడు లేని తెల్లారుజాములు నా వల్ల కాదని తెలిసిపోయింది. ఆదివారం మధ్యాహ్నం పళ్ళెంలో పళ్ళూ ఆకువక్కా పెట్టుకుని సందులోకి వెళ్ళాను.

ఇంతకుముందు పోయినప్పుడల్లా ఆమె సందులోనే ఎదురొచ్చేది. కొట్టం గుమ్మం దాకా నేను పోవడం అదే మొదటిసారి. గుమ్మం వీధి వైపు లేదు. ప్రహరీ గోడకి ఎదురుగా ఉంది. గుమ్మానికీ గోడకీ మధ్య ఒక మనిషి తిరిగేంత జాగా, అందులోనే స్నానాల నీళ్ళు పోయే కాలవ. ఊడ్చి శుభ్రంగా పెట్టుకుంది గానీ అక్కడ ముగ్గు లేదు. నేను పుట్టి పెరిగిన గుమ్మం అది. ఈ ఇల్లు కొనేటప్పుడు మా ఆయన నిచ్చెన వేసుకుని దూలాలు చూశాడు, నేను వీధి వాకిలి చూసుకున్నాను, ఈ గుమ్మం ఎటు తెరుచుకుంటుందో ఇద్దరిలో ఒక్కరం కూడా చూడలేదు.

ఆమె మంచం మీద నుంచి లేచి, రామ్మా అంది. నేను పళ్ళెం కింద పెట్టి, తప్పు చేశాను పెద్దమ్మా అన్నాను. ఆ రోజు అట్లా చేసుండకూడదు అన్నాను. పోనీలే, అయిపోయింది గదా అని ఆమె ఒక పండు తీసి నాకే ఇవ్వబోయింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"రేపట్నుంచి మళ్ళా మీరే పెట్టండి. నేను నీళ్ళు చల్లి పెడతాను. మీ పక్కన కూర్చోని నేర్చుకుంటాను."

"వద్దమ్మా."

"ఏల? ఇంకా కోపముందా?"

"కోపం ఏముండాది," అంది ఆమె. నా చేతిలో నుంచి తన చెయ్యి మెల్లగా తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. "రిజిస్టరు ఆఫీసులో ఏలిముద్ర ఏసినప్పుడు గూడా ఇల్లు అమ్మినానని నాకు తెలీలేదమ్మా. ఏందో కాయితం పని అయిపాయ అనుకున్నా. పొద్దన లేస్తే కాళ్ళు వాటంతట అవే ముందరికి పొయ్యేవి. నువ్వు నీళ్ళు పోసిన పొద్దు తెలిసింది, అమ్మేసినానని. అప్పట్నించి పొద్దన్నే లేచి ఈ మంచం పట్టుకోని కూసోడం నేర్చుకున్నా. రొండు నెల్లు పట్టింది. నన్ను మళ్ళా పిలవద్దు. ఇంకో తూరి నేర్చుకోలేను."

ఆమె పళ్ళు ఒక గిన్నెలో సర్దుకుని, ఖాళీ పళ్ళెం కడిగి, తుడిచి ఇచ్చింది. దాన్ని పట్టుకుని సందులో నుంచి వచ్చేశాను.

మర్నాడు మూడున్నరకి లేచి పేడనీళ్ళు చల్లాను. దీపం మెట్ల మీద పెట్టుకుని, ఈ చివర నుంచి ఆ చివరికి చుక్కలు పెట్టాను. రెండు వరసలు వంకరపోయాయి. చెరపలేదు. మెలిక తిప్పుతూ తిప్పుతూ నడుం పట్టేసింది, మూలలో గీత ఎక్కడా కలవకుండా తెగిపోయింది. అప్పటికే వీధిలో వేరే వాకిళ్ళ ముందు ఆడవాళ్ళు లేచి నిలబడి చూస్తున్నారు. మా ఆయన టిఫిన్ క్యారియర్లు పట్టుకుని బయటికొచ్చి, ముగ్గు తొక్కకుండా గోడ వారగా దిగాడు. రైలుకి టైమైపోయింది.

ఆ ఇంట్లో మేం తొమ్మిదేళ్ళు ఉన్నాం. పెద్దావిడ ఆరో ఏట పోయింది. నేను నీళ్ళు పోసిన ఆ సోమవారం తర్వాత ఆ వాకిట్లో నేను తప్ప ఇంకెవరూ ముగ్గు పెట్టలేదు.